హాల్లో పెద్దపీట ఎవరికి?

పాత సోఫా తీసేసి బీన్ బ్యాగులు వేసుకుందామా అనే చర్చ ఈమధ్య మా అపార్ట్‌మెంట్లో కనీసం నాలుగిళ్లలో జరిగింది. టీనేజి పిల్లలున్న ఇళ్లలో పిల్లలు అడుగుతారు. అద్దెకుండే కొత్త జంటలైతే ఎవరినీ అడక్కుండా కొనేసుకుంటారు. పెద్దవాళ్లున్న ఇళ్లలో మాత్రం మాటెత్తగానే "హాల్లో ఆ మూటలేంటి?" అని మొదలవుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తానండీ. బీన్ బ్యాగ్ మంచి వస్తువే. సోఫా లేకపోతే ఇంటి పరువేం పోదు. కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషి ఒక్కరున్నా సరే, ఆ ఇంట్లో హాలంతా బీన్ బ్యాగులే వేయడమంటే ఆ మనిషిని మర్యాదగా లోపలి గదిలోకి పంపేయడమే.

ముందు సోఫా సంగతి చూద్దాం. మన చిన్నప్పుడు ఎన్నిళ్లలో సోఫాలుండేవి చెప్పండి? వీధి అరుగు ఉండేది. నవారు మంచమో నులక మంచమో ఉండేది. తాతయ్యకి పడక కుర్చీ, అమ్మమ్మకి గుమ్మం పక్కన పీట. పెళ్లిచూపులకి పక్కింటి నుంచి నాలుగు కుర్చీలు అరువు తెచ్చేవాళ్లు. తర్వాత కేన్ సోఫాలు, ఆ తర్వాత టీవీ ఎదురుగా మెత్తటి సోఫా సెట్లు వచ్చి, చూస్తుండగానే అది లేని హాలు హాలే కాదనే స్థితికి వచ్చేశాం.

తెలుగు చదువుకున్నదాన్ని కదా, మాట ఎక్కడిదో చూడకపోతే నాకు నిద్ర పట్టదు. సోఫా అనే మాటకి మూలం అరబీ భాషలోని 'సుఫ్ఫా'. గోడవారగా కాస్త ఎత్తుగా కట్టిన తిన్నె అని అర్థం. అంటే మన అరుగే! అలాగే దివాను అంటే పార్సీలో మొదట లెక్కల పుస్తకం, తర్వాత కచేరీ, ఆ తర్వాత కచేరీలో గోడవారగా వేసే మెత్తటి ఆసనం. అరుగు మీద ఎవరైనా కూర్చోవచ్చు. దారిన పోయే మనిషి కూడా చెంబు పక్కన పెట్టుకుని కాసేపు కూర్చుని పోయేవాడు. అలాంటి అరుగు ఊళ్లూ భాషలూ దాటి సోఫాగా మన హాల్లోకి వచ్చేసరికి ముట్టుకుంటే మాసిపోయే వస్తువైంది.

నిజమే కదండీ. ముప్పై నలభై వేలు పోసి సోఫా కొంటాం. దాని మీద కవరు, ఆ కవరు మాయకుండా పైన ఇంకో దుప్పటి. పిల్లలు గెంతకూడదు, స్నాక్స్ తినకూడదు, తల నూనెతో ఆనుకోకూడదు. చుట్టాలొస్తున్నారంటే దుప్పటి తీసేసి, దిండ్లు కొట్టి కొట్టి నిలబెడతాం. నెలకి రెండుసార్లు వచ్చే మనుషుల కోసం ముప్పై రోజులూ కాపలా కాస్తాం. పోనీ కాపలా కాసే ఆడవాళ్లైనా అందులో కూర్చుంటామా? నాకు తెలిసిన చాలామంది ఇల్లాళ్లు టీవీ చూసేది డైనింగ్ కుర్చీలో పక్కకి తిరిగి, లేదంటే చిక్కుడుకాయలు ముందేసుకుని కింద కూర్చుని. సోఫా మధ్యలో భర్త, ఓ మూల కొడుకు, ఇంకో మూల ఆరిన బట్టల గుట్ట. అందుకే సోఫా అంటే నాకు పెద్ద గౌరవం లేదు. మనం రోజూ దులిపేదీ, ఎప్పుడోగానీ కూర్చోనిదీ అదొక్కటే.

ఇక బీన్ బ్యాగ్. పేరులో బీన్ ఉందని మా అత్తగారు మొదట నిజంగానే చిక్కుడు గింజలుంటాయనుకున్నారు. "పురుగు పట్టదుటే?" అని అడిగారు కూడా. లోపలుండేవి థర్మోకోల్ పూసలు. వాటిలో దాదాపు 98 శాతం గాలే. ఇది మొదట తయారైంది ఇటలీలో. 1968లో పియెరో గాట్టి, చెజరే పవొలీని, ఫ్రాంకో తెయొదోరో అనే ముగ్గురు డిజైనర్లు ద్జనొట్టా అనే కంపెనీ కోసం 'సక్కో' పేరుతో చేశారు. సక్కో అంటే సంచి. వాళ్లకి ఈ ఆలోచన తెచ్చిన వాటిలో ఒకటి, అక్కడి పల్లెటూళ్లలో చెస్ట్‌నట్ ఆకులు కుక్కి చేసుకునే పాతకాలం పరుపులట. మన పల్లెల్లో ఎండుగడ్డి మీద గోనెపట్టా వేసుకుని పడుకునేవాళ్లు కదా, బూరుగు దూదితో పరుపులూ దిండ్లూ కుట్టించుకునేవాళ్లం కదా, అదే కుటుంబం అన్నమాట. ఒంటి తీరుని బట్టి ఆసనం మారాలి గానీ, ఆసనం తీరుని బట్టి ఒళ్లు బిగదీసుకుని కూర్చోవడమేమిటన్నది ఆ కాలపు కుర్రకారు ఆలోచన. నాకు ఆ ఆలోచన నచ్చింది. ఇప్పుడది న్యూయార్క్‌లోని మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో కూడా ఉంది. కాబట్టి "మూట" అని తీసిపారేయకండి, దానికీ ఓ చరిత్ర ఉంది.

లాభాలు కూడా నిజమైనవే. సోఫాతో పోలిస్తే ఖర్చు పదో వంతు కూడా కాదు. బరువు మూడు నాలుగు కిలోలు దాటదు కాబట్టి ఇల్లు ఊడ్చేటప్పుడు ఒంటి చేత్తో పక్కకి జరిపేయొచ్చు. సోఫా కింద ఊడవాలంటే ఒకరు ఎత్తిపట్టాలి, ఇంకొకరు చీపురు దూర్చాలి. ఆ ఎత్తిపట్టే మనిషి మనకి ఎప్పుడూ దొరకడు. అద్దె ఇళ్లు మారేవాళ్లకైతే ఇది వరమే. లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి సోఫా ఎక్కించడం, మెట్ల మలుపులో అది ఇరుక్కోవడం, గోడ సున్నం రాలిందని ఇంటాయన గొడవ... ఇవేవీ ఉండవు. పది మంది వచ్చినరోజు బీన్ బ్యాగుల్ని బెడ్‌రూమ్‌లోకి విసిరేసి, హాల్లో జంపఖానా పరిచి అందరినీ కూర్చోబెట్టొచ్చు. బొమ్మల కొలువుకి, వ్రతానికి చోటు కావాలంటే సోఫాని ఎక్కడికి జరుపుతాం?

కొనేటప్పుడు మాత్రం కొన్ని చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో తక్కువ ధర చూసి మురిసిపోకండి. చాలాసార్లు అది ఖాళీ కవరు ధర. పూసలు విడిగా కిలోల లెక్కన కొనాలి. సైజు చిన్నదైతే పెద్దవాళ్లకి నడుము ఆనదు, తల అసలే ఆనదు. లోపల ఇంకో సంచి ఉందో లేదో తప్పకుండా అడగండి. పూసలు లోపలి సంచిలో ఉంటేనే పైకవరు విప్పి ఉతుక్కోవడం కుదురుతుంది. రెక్సిన్ కవరు తుడవడానికి సులువు గానీ, మన ఎండాకాలంలో వీపుకి అతుక్కుపోతుంది. కొన్నాళ్లకి పొరలు పొరలుగా లేచిపోతుంది కూడా. మందపాటి కాటన్, కాన్వాస్ కవర్లు హాయిగా ఉంటాయి, కాకపోతే మాస్తాయి. ఉతుకుడు మనదే కాబట్టి ఆ ఎంపిక కూడా మనదే కావాలి.

పూసలు నింపేటప్పుడు ఫ్యాన్ ఆపేయాలి, కిటికీలు మూసేయాలి. ఒక్కసారి గాలికి లేచాయంటే గోడలకీ చీరకీ చీపురుకీ అతుక్కుని వారం రోజులు ఇంట్లో మంచు కురుస్తుంది. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో, పొడి నేల మీద, అట్ట చుట్టి గొట్టంలా పెట్టి పోసుకోవడం మేలు. వాడగా వాడగా పూసలు అణిగిపోయి సంచి చప్పబడుతుంది. అప్పుడు కొత్తవి కలపాలి, ఆ ఖర్చూ లెక్కేసుకోండి. థర్మోకోల్ మట్టిలో కలిసేది కాదు, నిప్పు తగిలితే అంటుకునేది. దేవుడి దీపం దగ్గరా, దోమల చుట్ట దగ్గరా, దీపావళి రోజున గుమ్మం దగ్గరా దీన్ని ఉంచకూడదు.

చిన్నపిల్లలున్న అమ్మలు ఇంకో మాట వినాలి. అమెరికాలో 2014లో దాదాపు 22 లక్షల బీన్ బ్యాగుల్ని వెనక్కి పిలిపించారు. కారణం, ఇద్దరు పిల్లలు జిప్ తెరిచి లోపలికి దూరి, పూసలు పీల్చేసి ఊపిరాడక చనిపోయారు. కాబట్టి జిప్‌కి పిల్లలు పట్టుకుని లాగగలిగే పిడి ఉండకూడదు. ఉంటే తీసేయండి, లేదా జిప్ మీదుగా గట్టి దారంతో కుట్టేయండి. పాలు తాగే పసిబిడ్డని ఐదు నిమిషాలకి కూడా బీన్ బ్యాగ్ మీద నిద్రపుచ్చకూడదు. మెత్తటి సంచిలో ముఖం కూరుకుపోతే ఆ పసిగుడ్డు తల తిప్పుకోలేదు. బొమ్మలా భలే పడుకుందని ఫొటోలు తీసుకునే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. పెద్దపిల్లలకి కూడా అది కథల పుస్తకానికీ పాటలకీ పనికొస్తుంది గానీ, గంటల తరబడి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చదవడానికి పనికిరాదు. వెన్నుకి ఆసరా ఉండదు, మెడ వంగిపోతుంది. చదువుకి బల్లా కుర్చీయే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ జాగ్రత్త పడితే సరిపోయేవి. జాగ్రత్తతో తీరనిది ఒకటుంది. నాకు తెలిసినవాళ్లు ఈమధ్య ఇల్లంతా కొత్తగా చేయించుకున్నారు. హాలు చూస్తే మేగజైన్లో బొమ్మలా ఉంది. లేతరంగు గోడలు, కింద రగ్గు, నాలుగు బీన్ బ్యాగులు, మొక్కలు. సోఫా లేదు, కుర్చీ లేదు. ఆ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దావిడ ఉన్నారు. ఇదివరకు నేనెప్పుడు వెళ్లినా హాల్లో సోఫా చివర కూర్చుని, వచ్చినవాళ్లందరినీ పేరుపేరునా పలకరించేవారు. ఇప్పుడు నేను వెళ్లి రెండుసార్లైంది, రెండుసార్లూ ఆవిడ లోపలి గదిలో మంచం మీదే ఉన్నారు. "హాల్లోకి రారా పిన్నిగారూ?" అంటే, "ఎందుకమ్మా, కూర్చుంటే ఇద్దరు లేపాలి" అన్నారు నవ్వుతూ. ఆవిణ్ణి ఎవరూ లోపలికి వెళ్లమనలేదు. కోడలు మంచిదే, కొడుకూ మంచివాడే. మాత్రలు వేళకిస్తారు. కానీ హాల్లో ఆవిడ కూర్చోగలిగే చోటు లేకుండా పోయింది. దాంతో సాయంత్రం కబుర్లు పోయాయి, మనవడు బడి నుంచి రాగానే మొదట కనిపించే ముఖం పోయింది, వచ్చేపోయేవాళ్లతో మాటలు పోయాయి. ఒక కుర్చీ లేనందుకు మనిషికి ఇల్లంతా ఒక గదంత అయిపోయింది.

ఎందుకంత కష్టమో కాస్త ఆలోచించండి. కూర్చున్న మనిషి లేవాలంటే పాదాలు నేలకి ఆనాలి, ఒళ్లు ముందుకి వంగాలి, చేతులతో దేన్నైనా నొక్కి లేవాలి. తుంటి మోకాళ్ల కన్నా కాస్త పైన ఉంటే సులువు. బీన్ బ్యాగ్‌లో తుంటి మోకాళ్ల కన్నా బాగా కిందికి వెళ్లిపోతుంది. చేత్తో నొక్కుదామంటే చెయ్యి కూడా లోపలికే పోతుంది. మోకాలి చిప్ప మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లని తక్కువ ఎత్తు ఆసనాల్లో కూర్చోవద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. నెలలు నిండిన గర్భిణికీ ఇదే బాధ. "మనవాళ్లు కింద కూర్చునేవాళ్లేగా, ఇదీ అంతేగా" అని కొందరంటారు. అంతే కాదండీ. నేల గట్టిగా ఉంటుంది. అరచెయ్యి ఆనించి, మోకాలు మడిచి, ఓ పక్కకి ఒరిగి లేస్తారు. బీన్ బ్యాగ్ మనం నొక్కినకొద్దీ జారిపోతుంది. కింద కూర్చుని లేవగలిగిన మనిషి కూడా దానిలోంచి లేవలేక నవ్వులపాలవుతారు.

నవ్వులంటే గుర్తొచ్చింది. ఇటలీలో పాలో విల్లాజ్జో అనే హాస్యనటుడు ఉండేవారు. ఆయన వేసిన ఫ్రాక్కియా అనే పిరికి గుమాస్తా పాత్రకి అక్కడ చాలా పేరు. ఆ గుమాస్తా పై అధికారి గదిలోకి వెళ్తే, కూర్చోవడానికి ఈ సంచి కుర్చీయే ఇస్తారు. కూర్చోలేడు, లేవలేడు, జారిపోతూనే అధికారికి సమాధానాలు చెప్పాలి. జనం పడీపడీ నవ్వారు. అధికారి మాత్రం గట్టి కుర్చీలో నిటారుగా ఉంటాడు. గట్టి ఆసనం ఎవరిదో, జారే ఆసనం ఎవరికిచ్చారో చూస్తే ఆ గదిలో ఎవరి మాట చెల్లుతుందో తెలిసిపోతుంది. ఈ సంగతి మన పెద్దలకి ఎప్పుడో తెలుసు. పూజలో దేవుణ్ణి ఆవాహన చేయగానే ముందు సమర్పించేది ఆసనమే. కాళ్లకి నీళ్లూ, నైవేద్యమూ అన్నీ ఆ తర్వాతే. ఒకరికి ప్రాధాన్యం ఇచ్చామనడానికి తెలుగులో "పెద్దపీట వేశారు" అంటాం. ముందు కూర్చోబెట్టాలి, తర్వాతే మర్యాదలు.

"అవసరమైతే బాల్కనీలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేస్తాంగా" అనేవాళ్లున్నారు. వేస్తారు, నిజమే. కానీ ఎవరికోసం కుర్చీ తెచ్చి వేయాలో ఆ మనిషి ఇంట్లో చుట్టమైపోతుంది. ప్రతిసారీ "కాస్త కుర్చీ వెయ్యమ్మా" అని అడగడానికి పెద్దవాళ్లకి మొహమాటం. రెండుసార్లు అడుగుతారు, మూడోసారి గదిలోనే ఉండిపోతారు. కుర్చీ ముందే అక్కడ ఉంటే అడగాల్సిన పని లేదు.

అలాగని ఈ కాలపు సోఫాలన్నీ పెద్దవాళ్లకి పనికొస్తాయని కూడా అనను. షోరూముల్లో ఇప్పుడొచ్చే ఎల్ ఆకారం సోఫాలు కొన్ని ఎంత కిందికి, ఎంత లోతుగా ఉంటాయంటే, మా అత్తగారిలాంటి పొట్టి మనిషి వెనక్కి ఆనుకుంటే కాళ్లు గాల్లో ఉంటాయి. లక్ష పెట్టి కొన్న సోఫా కన్నా, చేతులున్న పాత చెక్క కుర్చీయే ఆవిడకి సుఖం. ఎత్తు 17 నుంచి 19 అంగుళాలు, రెండు వైపులా చేతులు, కూర్చుంటే కూరుకుపోని మెత్త. పెద్దవాళ్లకి కావాల్సిందింతే.

మా ఇంట్లో మేం చేసింది చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి. తొమ్మిదేళ్ల సోఫా స్ప్రింగులు పోయి, బాగుచేయడానికి చెప్పిన ధర వినగానే దాన్ని పంపించేశాం. దాని బదులు కిటికీ పక్కన దివాను మంచం ఒకటి, టీవీ ఎదురుగా చేతులున్న చెక్క కుర్చీ ఒకటి, కాటన్ కవర్ల బీన్ బ్యాగులు రెండు వేసుకున్నాం. మొత్తం కలిపినా కొత్త సోఫా ధర కాలేదు. కుర్చీ అత్తగారిది. ఖాళీగా ఉన్నా అందులో పుస్తకాలూ బట్టలూ పెట్టడానికి వీల్లేదని అందరికీ చెప్పాను. ఒక బీన్ బ్యాగ్ మా అమ్మాయిది. రెండోది నాది. అవును, నాదే. పొద్దున్న పనులయ్యాక పదకొండు గంటలకి అందులో కూర్చుని పేపరు చదువుతాను. దిండ్లు సర్దక్కర్లేదు, చుట్టాల కోసం దాచక్కర్లేదు. మావారు వారం రోజులు "వచ్చినవాళ్లని ఎక్కడ కూర్చోబెడతావ్?" అని అడిగారు. దివాను మీద ముగ్గురు సుఖంగా కూర్చుంటున్నారు కాబట్టి ఇప్పుడు అడగడం మానేశారు.

అందుకే నా సలహా ఒకటే. షోరూముకి వెళ్లేముందు, ఫోన్లో ఆఫర్లు చూసేముందు, కాగితం తీసుకుని ఇంట్లో మనుషుల పేర్లు రాయండి. ఒక్కొక్కరి ఎదురుగా, వాళ్లు హాల్లో ఎంతసేపు ఉంటారు, ఎవరి సాయం లేకుండా ఎందులో కూర్చుని లేవగలరు అని రాయండి. ముందు లేవడం కష్టమైన మనిషికి ఆసనం కొనండి. తర్వాత రోజంతా నిలబడే మనిషికి, అంటే చాలా ఇళ్లలో మనకే. ఆ తర్వాత పిల్లలకి. చుట్టాలు చివర. మిగిలిన డబ్బుతో సోఫా వస్తే సోఫా, బీన్ బ్యాగులొస్తే బీన్ బ్యాగులు. మన పేరు రాయడం మాత్రం మర్చిపోకండి, జాబితా రాసేవాళ్లం మనమే కాబట్టి ఎక్కువగా జారిపోయేది ఆ పేరే.